అరచేయి పరీక్ష

మిల్లు గోడ మీద సమ్మె బొమ్మ పూర్తయింది. రోడ్డుకి ఇవతల డ్రాయింగు మాస్టారూ, దాన్ని గీసిన ఆయన శిష్యురాలూ నిలబడి ఉన్నారు.

"మాస్టారూ, ఆవిడొచ్చింది. కూతుర్ని కూడా తీసుకొచ్చింది."

"ఎవరు?"

"సమ్మెలో రోజూ మనందరికీ నీళ్లు మోసిన అక్క. బొమ్మలో తనని వెతుక్కుంటోంది."

"చిత్తుబొమ్మలో మూలన ఉండేది కదా?"

"ఉండేది. మీ అరచేయి పరీక్ష పెట్టాను. ఒక్కోదాన్నీ చేత్తో మూసి చూడు, బొమ్మ కూలకపోతే అది దండగ అన్నారుగా. ఆవిణ్ని మూశాను. కూలలేదు. తీసేశాను."

"అది పండ్లూ కూజాలూ గీసేవాళ్లకి చెప్పిన పాఠం తల్లీ!"

"మనుషుల మీద పెట్టకూడదని చెప్పలేదే?"

"చెప్పలేదు. నా బుద్ధి గడ్డి తింది. పద, ఇప్పుడైనా గీద్దాం."

"ఎక్కడ గీస్తాం? ఆవిడ చోటంతా నాయకుడి పిడికిలే."

"ఉండు, కూతురికేదో చూపిస్తోంది."

"పిడికిలి కింద బకెట్టు. ఆ మూలకి ఎర్రరంగు బాగుంటుందని అదొక్కటీ ఉంచాను."

"ఏమంటోంది?"

"'చూశావా, ఇది మన బకెట్టే' అని మురిసిపోతోంది మాస్టారూ."