మైకుల చదివిన రాజీనామా

మహాజనులకు తెలియజేయునది ఏమనగా, ఈ ఠాణల నాకు పోసిన చాయల చక్కెర లేదు, నా కుర్చీకి ఒక కాలు పొట్టిగున్నది, ఫ్యాను తిరుగుతున్నది గని గాలంత హెడ్ కానిస్టేబుల్ అంతయ్య సార్ దిక్కే పోతున్నది. ఇవి ముందుగాల రాసుకుంటేనే మిగిలింది చెప్తనన్న. అంతయ్య సార్ నవ్వకుంట రాసుకున్నడు.

నా పేరు దుర్గం వెంకటి, తండ్రి పోశం, వయసు నలభై తొమ్మిది, ఉండేది హుస్నాబాద్. పదో తరగతి రెండుసార్లు రాసి రెండుసార్లు తప్పిన. ఆటోకు మైకు కట్టి ఊర్ల చాటింపు చేసుడు నా పని. నల్లా రాదన్నా, బర్రె తప్పిపోయిందన్నా, చీరల దుకాణం తెరుస్తున్నరన్నా నా గొంతే.

బస్టాండు ఎనుక సుధాకర్ డాక్టర్ సారు దవాఖాన ఉన్నది. మంజుల ఆడ నర్సు. మా అవ్వకు సూది ఆమెనే ఇచ్చేది. "అవ్వా, ఇయ్యాల ఏం కూరొండినవ్?" అని అడుగుతది. అవ్వ "బీరకాయ" అనేలోపల సూది అయిపోతది. అవ్వ పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ మంజుల ఎదురైతే నాకు బీరకాయనే యాదికొస్తది.

మంజులకు సర్కారు కొలువొచ్చింది, ఆదిలాబాద్ దిక్కు, బోథ్ దవాఖానల. చేరాలంటే అసలు సర్టిఫికెట్లు చూపియ్యాలె. అవి ఆమె పనిల చేరిననాడే సారు బీరువల పెట్టి తాళమేసుకున్నడు. అడిగితే, "పద్ధతి ప్రకారం నోటీసు ఇయ్యి, అప్పుడు చూద్దాం" అన్నడట. ఆమె నోటీసు రాసుకొని పోయింది. కౌంటర్ల ఉండే వనజ, "సారు తీసుకోవద్దన్నడక్కా" అని చేతులు ఎనుకకు పెట్టుకున్నది. తెల్లారి పోయినా గదే మాట. నోటీసు తీసుకోడు, తీసుకోలేదు గనుక నువ్వు ఇయ్యనే లేదంటడు.

శుక్రవారం సాయంత్రం మంజుల నా ఆటో కాడికొచ్చి నిలబడ్డది. ఏడ్వలే. కాయిదం మడుస్తది, విప్పుతది, మళ్ల మడుస్తది.

"వెంకటన్నా, సోమవారమే ఆఖరు. ఆడ చూపెట్టకుంటే కొలువు ఇంకొకలకు పోతది. నేనిచ్చిన నోటీసు నా చేతులనే ఉన్నది" అన్నది.

"నోటీసంటే కాయిదమని నీకెవలు చెప్పిండ్రు చెల్లె? మా తాత డప్పు కొట్టి చెప్పినా నోటీసే, నేను మైకుల చెప్పినా నోటీసే. ఊరి చెవుల పడ్డదంటే ఇచ్చినట్టే. గా సారు చేతులు కట్టుకుంటడు గని చెవులు కట్టుకుంటడా?" అన్న.

ఆ సాయంత్రమే సారు నాకు ఫోను చేసి, "వెంకటీ, మంజుల పోతున్నది, రేపు సన్మానం చేసి సర్టిఫికెట్లిస్త, జర చాటు" అని చెప్పిండు. చెప్పిండు గనుకనే చాటిన.

శనివారం పొద్దున బస్టాండు నుంచి అంగడి దాక తిరిగిన. "హుస్నాబాద్ ప్రజలకు విన్నపం. మన మంజుల సిస్టరు రాజీనామా నోటీసు ఇచ్చింది. సుధాకర్ సారు పెద్ద మనసుతోటి ఒప్పుకొని, పదకొండు గొట్టంగ ఆమెకు శాలువ కప్పి సర్టిఫికెట్లు చేతికిస్తుండు. ఆమె చేతుల సూది తీసుకున్నోళ్లందరు రావాలె" అని చదివిన.

వచ్చిండ్రు. దవాఖాన ముందట ఆటో తిప్పే జాగ లేకుంటయింది. మల్లక్క అనే ముసలామె శాలువ లేక కొత్త తువ్వాల తెచ్చింది. "సారూ, మీరు గింత మంచోళ్లని తెల్వకపాయె" అని సారుకు దండం పెట్టింది. సారు నా దిక్కు చూసిండు, మందిని చూసిండు, లోపలికి పోయి బీరువ తెరిచిండు. ఫొటోల నవ్విండు కూడ. తెల్లారి, తనకు చెప్పకుంట తన పేరు మైకుల చదివిన్నని ఈ ఠాణల నామీద దరఖాస్తు ఇచ్చిండు.

ఇయ్యాల సోమవారం. అంతయ్య సార్ ఇదంత రాస్తుండంగనే మంజుల బోథ్ నుంచి ఫోను చేసింది. కాయిదాలు చూసిండ్రట, చేరినట్టు సంతకం పెట్టిందట. "అన్నా, ఈడ చలి బాగున్నది" అన్నది. గంతే. ఫోను పెట్టేసి అంతయ్య సార్ను ఇంకొక్క వరుస రాయమన్న.

పైనదంత నేను చెప్పినట్టే రాసిండ్రు, చదివి ఇనిపిచ్చిండ్రు. ఒక్కటి తప్ప అన్నీ నిజాలే. సారు నాకు ఫోను చెయ్యలే. ఆయన తాన నా నంబరే లేదు.

(సంతకం)
దుర్గం వెంకటి