ఫెవికాల్ ఆరేదాకా

శనివారం, మధ్యాహ్నం మూడున్నర. హన్మకొండలోని అద్దె ఇంట్లో, వంటింటి బండ మీద గిటారు వెల్లకిలా పడి ఉంది. సందీప్ కుడిచెయ్యి మణికట్టు దాకా దాని కడుపులో ఉంది. తీగలు కట్టే చెక్క మీద, అదే బ్రిడ్జి మీద, అతని భార్య హన్నా రెండు అరచేతులూ ఉన్నాయి.

“జరుగుతాంది హన్నా. ఎడమకు జరుగుతాంది సూడు.”

“నేను జరుపుతలేను. నువ్వే కిందికెల్లి నూకుతానవ్.”

“నూకుతలేను, ఆపుతాన. పెన్సిల్ గీత మీదికి తే. ఇంకా. ఇంకా జర... అయిపాయె, గీత దాటింది.”

“దాటితె ఏమైతది?”

“శ్రుతి తప్పుతది. ఏ తీగ సక్కగ పలుకది. ఎన్కకు తే.”

“ఉప్పలయ్య క్లాంపు ఇచ్చిండు గద. అదేమాయె?”

“మర అరిగింది. తిప్పితె తిరుగుతనే ఉన్నది, బిగుస్తలేదు. వడ్రంగి పనాయన గదా అని అడిగితె గిసొంటిది ఇచ్చిండు.”

“తెచ్చుకునేటప్పుడు సూసుకోవద్దా?”

“సూసిన.”

“ఏం సూసినవ్? ఏది సూడవ్ నువ్వు. పోయినసారి గిట్లనే, పాత గమ్ము గీకకుంట దాని మీదనే అంటించినవ్. తీగలు గుంజంగనే లేశింది.”

“ఈసారి గీకిన గద. బ్లేడుతోని గీకీ గీకీ ఏలు కోసుకున్న. కట్టెకు కట్టె అంటుకోవాలె. నడుమ పాతది ఉంటె పట్టదు. పొద్దుగాలటికెల్లి అదే పని.”

“అదే నేననేది. పొద్దుగాలటికెల్లి అదే పని. ఇంట్ల ఇంకో పని ఉన్నదా లేదా?”

“తడిబట్ట యాడున్నది? పక్కలకెల్లి ఫెవికాల్ కారుతాంది.”

“సందీప్.”

“ఆఁ.”

“నేనొకటి అడిగిన.”

“అద్దగంట ఒత్తాలె. జర పట్టినంక ఇటుకలు పెడదాం. ఇప్పుడే పెడితె జారుతది.”

“అద్దగంటంటె నాలుగైతది. ఐదింటికి బందైతది, యాదున్నదా?”

“యాదున్నది.”

“ఐదింటిలోపల అవునో కాదో పోర్టల్ల నొక్కాలె. లేకుంటె ఆ పిల్ల ఫైలు ఇంకొకలకు పోతది. దత్తత ఆఫీసు శ్రావణి మేడం ఒకటికి రెండుసార్లు చెప్పింది.”

“యాదున్నది అన్న గద. కుడి పక్క జర గట్టిగ.”

“మనం దత్తతకు రాసుకోని నాలుగేండ్లాయె. ఇన్నాళ్లకు మల్లొక ఫైలు వచ్చింది, ఈ హారికది. ఎనిమిదేండ్ల పిల్ల. నిన్నటికెల్లి నువ్వొక్క మాట మాట్లాడితె ఒట్టు. ఏం, పెద్దపిల్ల అనిపిస్తాందా? చంటిపిల్ల కావాల్ననుకుంటానవా? అట్లయినా చెప్పు.”

“అట్లని నేనన్ననా?”

“ఏమన్నవ్ మరి? ఫైలు తెరిచి నీ చేతిల పెట్టిన. నువ్వు ‘క్లాంపు తెస్తా’ అనుకుంట పోయినవ్.”

“క్లాంపు కావాలె గద.”

“ఏడాదికెల్లి అటక మీద పడున్నది ఈ గిటారు. ఏడాది లేని ప్రేమ ఇయ్యాలనే పుట్టుకొచ్చిందా? చెప్పు.”

“ఫోను మోగుతాంది.”

“నీ అంగీ జేబుల. ఎత్తు.”

“ఎట్ల ఎత్తుత? ఒక చెయ్యి లోపల ఉన్నది, ఇంకోటి గిటారును పట్టుకున్నది. ఎవడో లోన్ కావాల్నా అని చేస్తాండొచ్చు.”

“నేను తీస్త ఆగు.”

“వదలకు. వదిలితె మల్ల గీకుడుకాడికెల్లి మొదలువెట్టాలె.”

“మల్ల చేస్తాండ్రు.”

“చెయ్యనియ్.”

“నీకు భయమైతాంది. ఒప్పుకో.”

“దేనికి భయం?”

“పోయినేడు లెక్క అయితదని. అప్పుడు ఉరికి ఉరికి అవునన్నది నువ్వే. మంచం కొన్నవ్, చిన్న చిన్న బూట్లు కొన్నవ్. ఆఖరుకు మనకు ఇస్తమన్న బాబును వాని మేనమామ వచ్చి తోలుకపోయిండు.”

“దాన్నెందుకు తీస్తానవ్ ఇప్పుడు?”

“నువ్వు ఎన్నడూ తీస్తలేవు కాబట్టి.”

“పదిరోజులు అన్నం ముట్టలే నువ్వు. చర్చిల పాట బంద్ జేసినవ్. ఈ గిటారు అటక మీద ఏసింది నేను కాదు హన్నా.”

“నేనే ఏసిన. బ్రిడ్జి ఊసిపోయినదాన్ని అటక మీద గాక యాడ పెడుత? ఏడ్చిన, ఏడ్చి లేశిన. నువ్వు ఇంకా ఆడనే కూసున్నవ్.”

“గంత గట్టిగ ఒత్తకు. పలక పగులుతది.”

“పగలనియ్. మా బాపు కొనిచ్చింది. నాకు లేని ఫికర్ నీకెందుకు?”

“హన్నా, జర ఊకో.”

“ఎంత ఊకోవాలె? నిన్న ఊకున్న. రాత్రి ఊకున్న. ఐదు కొట్టినంక ఇగ ఊకునుడే గద... ఇగో, మల్ల మోగుతాంది. లోన్లోడు మూడుసార్లు చెయ్యడు.”

“వదలకు అంటాన.”

“ఒక చేత్తోని ఒత్తుతనే ఉన్న. ఇటు తిరుగు. జేబు ఇటు పెట్టు... శ్రావణి మేడం.”

“కట్టయిందా?”

“కట్టయింది. ఈమె నీకెందుకు చేస్తాంది? ఎప్పుడు చేసినా నాకే చేస్తది.”

“నీది కలిసి ఉండదు.”

“నా ఫోను ఈడనే ఉన్నది, మోగలే. సందీప్, నా దిక్కు సూడు. ఆమెకు వద్దని చెప్పినవా? నన్ను అడుగకుంట వద్దని చెప్పినవా?”

“చెప్పలే.”

“నాకు నమ్మకం లేదు. ఈ గిటారు వద్దు, ఏం వద్దు. నేనే పోర్టల్ తెరుస్తాన. నేనే అవునని నొక్కుత. తర్వాత నువ్వు ఎంత కొట్లాడుకుంటవో కొట్లాడుకో.”

“నొక్కకు.”

“ఎందుకు?”

“నొక్కినా తీస్కోదు. పొద్దుగాల ఆరింటికి నేను నొక్కిన.”

“ఏమని నొక్కినవ్?”

“అవునని.”

“అవునని నొక్కి... నాకు చెప్పకుంట...”

“ఖాయమైతె నాకే ఫోన్ చెయ్యమని మేడంకు చెప్పిన, అదైనంక నీకు చెప్దామనుకున్న. మధ్యల ఏమన్న అయితె మల్ల నువ్వు అన్నం మానేస్తవని. ఇప్పుడామె చేస్తాంటె ఎత్త బుద్ధి కాలే. కాదంటదేమో, అది నీ ముంగటనే వినాల్సి వస్తదేమో అని.”

“మెసేజు వచ్చింది.”

“ఎవలది?”

“ఆమెదే.”

“చదువు.”

“‘సార్, ఫోన్ ఎత్తడం లేదు. మీ అంగీకారం ఖాయమైంది. బుధవారం పది గంటలకు ఇద్దరూ వచ్చి పాపను కలవండి.’”

“ఇంకోసారి చదువు.”

“నువ్వే చదువుకో. ఇగో.”

“కండ్లు మసకైనయి. చదువు హన్నా.”

“‘బుధవారం పది గంటలకు ఇద్దరూ వచ్చి పాపను కలవండి.’”

“ఫోను ఆడ పెట్టు. చెయ్యి మల్ల ఈడ పెట్టు, ఇంకా ఆరలే.”

“పెట్టిన. నిన్ను ఏం జెయ్యాల్నో నాకు తెల్వదు సందీప్. పొద్దుగాలటికెల్లి నా పానం తీసినవ్. సరే, నొక్కినవ్, చెప్పలే. మరి ఈ గిటారు లొల్లి ఇయ్యాలనే ఎందుకు పెట్టుకున్నవ్?”

“నువ్వు ఫైలుల ఫోటో కాడనే ఆగినవ్. నేను ఆఖరు దాక చదివిన. ‘పాపకు ఏమిష్టం’ అన్నకాడ ఒక్కటే మాట రాసిండ్రు, గిటారని.”