పొద్దు గుంకని దీవి

నౌపడ ఉప్పుమడుల గట్టు మీద మేనమామ ఉప్పు పోగులు పెడుతున్నాడు. గ్రీన్‌లాండు వెళ్లే సరుకుల ఓడలో రెండేళ్లు పనిచేసి వచ్చిన మేనల్లుడు ఎదురుగా వినయంగా నిలబడ్డాడు.

“నీలవేణిని అడగడానికొచ్చినావు, బాగుంది. కానీ కోతలు కోసీవోడికి నా కూతుర్నివ్వను. ఆ గ్రీన్‌లాండు గురించి నిజం సెప్పు.”

“పేద్ద దీవి మావా. మన దేశంలో సగం పైనే ఉంటాది. అంతా మంచే. మనుషులు సీకాకుళం టౌన్లో సగం మందే. కుక్కల్ని బండికి కట్టి తోల్తారు.”

“సలి ఎలగుంటాది?”

“గంజి వారిస్తే కింద పడకముందే కర్రలా బిగిసిపోనాది. అది ఊతంగా పట్టుకునే ఓడ దిగినాను.”

“అయ్యో, సేతులెంత సల్లబడ్డాయో! మరి ఎండ?”

“ఎండాకాలం రెండు నెలలు పొద్దు గుంకదు.”

మావ చేతిలో పార ఆగింది.

“అంత ఎండ కాస్తే ఉప్పు కొండల్లా పేరుకోవాల. ఆళ్లకి ఉప్పుమడులున్నాయా?”

“లేవు మావా. ఆ ఎండకి వేడి లేదు.”

“వేడి లేని ఎండేటిరా! అరసవల్లి సూర్నారాయణ సామి మీద ఒట్టెయ్యి.”

“సామి మీదొట్టు. గుంకడు.”

“సామి మీదే దొంగ ఒట్టా! నీలవేణి మాట మర్సిపో, ఇంటికెళ్లు.”

మేనల్లుడు మడుల అవతల ఎర్రగా దిగుతున్న సూర్యుడి వైపు తిరిగి, మన్నించమన్నట్టు లెంపలేసుకున్నాడు.

“తప్పయిపోనాది మావా. అక్కడా రోజూ ఆరింటికే గుంకుతాడు.”

“అలగ సెప్పు! శ్రావణంలో ముహూర్తం ఎట్టిస్తాను. మరి ఆ గంజికర్ర తెచ్చినావేటి?”

“విశాపట్నం ఎండకి కరిగిపోనాది మావా.”

“కరిగిపోదేటి మరి! సూడు, నిజం సెప్పీసరికి నీ మొకానికి ఎంత కళొచ్చీసిందో!”