జొన్నగంజి పూలు

హలో… ఆ, నేనేక్కా, దివ్యను. ఒక్క నిమిషం… ఏమప్పా, మగ్గం కొంచెం ఆపు, ఆదోని నుంచి నందినక్క ఫోను… ఆ, ఇప్పుడు సెప్పక్కా. ఇనపడతాంది.

గృహప్రవేశం అయిపోయిందా?… అబ్బ, సల్లని మాట సెప్పినావు. పొద్దన్నుంచి నీ ఫోను కోసమే సూస్తాండా. నీళ్ళు సల్లుతారు గదా, యాడ రంగు కారిపోతాదో, గాలికి యాడ రేకులు ఇడిపోతాయో అని…

ఏమనింది?… నిజంగా? మీ అత్తగారేనా, శాంతకుమారమ్మగారే అనిందా?… ముట్టుకోని కూడా కనుక్కోల్యాదా! అయ్యో, నాకు నవ్వొస్తాంది… బెంగుళూరు నుంచి బస్సులో తెప్పిచ్చినానని సెప్పినావా? ఎంత ధైర్యం తల్లీ నీకు…

ల్యాదులేక్కా, నేనేంటికి సెప్తా. కొత్తింటి గడపకు కాగితం పూలు కట్టినారని తెలిస్తే ఆమె ఊరుకుంటాదా? నా నోట్లోంచి రాదు ఆ మాట.

ఆ… ఆ… అంచు వాడినట్లు ఉండేదా? అది కావాలనే ఏసినానక్కా. అన్నీ నిగనిగలాడతా ఉంటే కాగితమని ఇట్టే తెలిసిపోతాది. మా వాకిట్లో బంతిపువ్వొకటి కోసి పక్కన పెట్టుకున్యా. దాని అంచు ఎట్ల ఎండిందో సూసి, అట్లే సన్న కుంచెతో గోధుమరంగు తాకిచ్చినా. తొడిమ కాడ లేతాకుపచ్చ. నడిమధ్యలో రవ్వంత పసుప్పొడి, పుప్పొడి మాదిరి… అవును, వేలికంటుతాది. అంటాల. అంటకుంటే అదేం పువ్వు?

సాగదీసేదే కష్టం. క్రేపు కాగితాన్ని ఎక్కువ సాగదీస్తే ఆ ముడతలు పోతాయి, తక్కువైతే అట్టముక్కలెక్క ఉంటాది. బొటనవేలితో రేకు నడుమ మెల్లగా నొక్కితే గిన్నె మాదిరి వంగుతాది… ఆ, చేమంతులకు అక్కర్లేదు, వాటికి కత్తెర అంచుతో గీరి కొస సుడితే సాలు.

అదా! పొద్దు నెత్తిమీదికొచ్చినా రేకులు నిలబడుండేది ఏంటికంటే… నవ్వద్దు, సెప్తా. గంజి. జొన్నగంజి. మా ఆయన మగ్గం నూలుకు పెడతాడు సూడు, అదే. రేకు రేకుకూ బట్టతో అద్ది నీడలో ఆరబెడతా. ఇంకెవురూ సెయ్యరు ఇట్ల. నేను కనిపెట్టిందే.

ఆ?… ఎవురు?… ఆవు కూడానా? ఆవు కూడా నిజం పూలనుకునిందా…

అనుకోని?

అక్కా. అనుకోని ఏం సేసింది?

మూతి పెట్టిందా, తినిందా?… వాసన సూసి వదిలిపెట్టిందా, నమిలి మింగిందా, సక్కంగా సెప్పు…

నేను నవ్వడంల్యా. ఎన్ని తినింది?… ఒక పక్క తోరణం… ఒక పక్కంతా? గడప దాటేటప్పుడు గుంజుకునిందా… ఎవురూ అడ్డం పోల్యాదా?…

శుభమనుకున్నారా.

ఆ… ఆ… గోమాత గడప కాడ పూలు తినింది, ఇంటికి లక్ష్మి వచ్చినట్లే అని… అందరూ దండం పెట్టినారా… వీడియోలో సరిగ్గా పడలేదని మల్లా పెట్టినారా? సేత్తోనా? మీ అత్తగారే…

దేవుడా.

అక్కా, నా మాట ఇను. ఆ పూలల్ల తీగ ఉంది… తీగక్కా, తీగ! ప్రతి పువ్వుకూ. రేకులన్నీ సుట్టి కట్టేది దానికే గదా. నువ్వు తోరణానికి గుచ్చేకి సులువుగా ఉంటాదని కొస ఏటవాలుగా కత్తిరిచ్చినా… సూదిలెక్క ఉంటాది…

అరుగుతాదా? అరిగేకి అదేమన్నా మేతా? మా పెద్దకడుబూరులో హులిగమ్మ వాళ్ళ బర్రె ఇట్లే మేతలో తీగముక్క తినింది. ముందు ఏం తెలీల్యాదు. బాగనే నెమరేసింది, బాగనే పాలిచ్చింది. తర్వాత మేత మానేసింది. నడుం వంచుకోని నిలబడి మూలుగుతా ఉండేది. సచ్చినాక కోస్తే తీగ గుండెకాయలో దిగబడి ఉంది. నేను సిన్నపిల్లను. ఈ కండ్లతోనే సూసినా.

ఇప్పుడు బాగనే ఉందంటావా?… అదే గదక్కా నేను సెప్తాండేది! ఇప్పుడు బాగనే ఉంటాది.

యాడుంది ఆవు?… మీ పెరట్లోనేనా, ఇంకా పోలేదా. ఆవును తోలుకొచ్చిన మా మేనత్త?… అన్నం తింటాందా. సరే, మంచిదైంది. దూడ?… దానికింకా మేత రాలేదు, పాలే. అదొక్కటి మేలు.

…ఇంకో ఆవు కొనిస్తావా. అక్కా, అది వట్టి ఆవు కాదు. మా మేనత్త లక్ష్మక్క ఆవు, కెంపి. మామ పోయినప్పటి నుంచి దాని పాలమిందనే బతుకుతాంది ఆమె. బిడ్డా పాపా ల్యాదు. జ్వరమొచ్చినా దానికే సెప్పుకుంటాది, పాలాయనతో జగడమైనా దానికే సెప్పుకుంటాది. గృహప్రవేశానికి ఆవూ దూడా కావాలని నువ్వడిగితే నేనే గదా సెప్పింది, మా అత్తది ఉంది, సాధువు, పిల్లోళ్ళు తోక గుంజినా ఏమనదు అని. నేనే పంపిస్తి. పూలూ నేనే పంపిస్తి, ఆవునూ నేనే పంపిస్తి.

అది ఏంటికి తినిందో తెలుసా నీకు? నా రంగులు సూసి కాదక్కా. దాని కుడితిలో దినామూ జొన్నగంజే పోస్తాది మా అత్త. ఆ వాసన పట్టింది. మా అత్త గంజే అనుకునింది…

ఏమి?… గట్టిగా మాట్లాడక్కా, ఇనపడల్యా… పక్కనే ఉండారా మీ అత్తగారు…

తెలిస్తే ఏమైతాది? కాగితం పూలని తెలిస్తే నాలుగు మాటలంటారు. అంతే గదా?… కొత్తింట్లో కాలు పెట్టిన పొద్దే అపశకునమంటారా… నీ నెత్తికే సుడతారా… తెలుసక్కా. సుట్టాలందరి ముందర నీ మాట పోతాది, కాదనను. సరే, ఎవురికీ సెప్పద్దు. పెరట్లోకి పొయ్యి ఆ పూలు ఇంకొక్కటి దాని నోట్లో పోకుండా సూడు. అదొక్కటి సెయ్యి. నేనీడ ఎమ్మిగనూర్లో ఫోను పట్టుకోని కూర్చునుండా, నా సెయ్యి ఆడికి అందదు గదా!

ఉండు, ఉండు… ఏమప్పా, ఎత్తినాడా?… అక్కా, మా ఆయన పశువుల కాంపౌండరుతో మాట్లాడతాండాడు. ఆదివారం గదా, డాక్టరు ఊర్లో లేడంట… ఆ… అయస్కాంతం మింగిస్తారంట! కడుపులో తీగను పట్టుకోని ఉంటాదంట అది, యాడికీ గుచ్చుకోకుండా… ఆయన దగ్గర ఉందంట! అక్కా, ఉందంట! ఆదోనికి మనిషికిచ్చి పంపిస్తా అంటాండాడు… ఏమి? ఏమడుగుతాండాడు? ఇనుమా, స్టీలా అనా…

స్టీలని సెప్పప్పా.

స్టీలక్కా. ఇనప తీగకు తుప్పు పడతాది, తుప్పు మరక రేకు మిందికొస్తాది. నువ్వు ఏండ్లు దాచుకుంటా అంటివి గదా ఆ పూలు. అందుకని వెతికి వెతికి స్టీలు తీగే తెచ్చినా… లాభం ల్యాదంట. అయస్కాంతానికి పట్టదంట.

కోసి తియ్యాలంట. ఇంకేం దారి ల్యాదంట. ఏ పెద్దాసుపత్రికి తోలకపోవాల్నో రేపు డాక్టరు వస్తే కనుక్కోని సెప్తాడంట… రేపు! అంతవరకూ ఏం సెయ్యాలో అడుగప్పా… మేత పెట్టద్దంటక్కా. నడిపిచ్చద్దు. ముందరి కాళ్ళు ఎత్తు మింద ఉండేటట్లు నిలబెట్టాలంట, తీగ గుండె పక్కకు పోకుండా. ఇంకా?… నెమరేసినప్పుడల్లా కడుపు పిసికినట్లయితాది, తీగ ముందుకు జరుగుతాదంట… నెమరెయ్యకుండా ఎట్ల ఆపేదో అడుగు…

ఆపేకి రాదంట.

అక్కా, ఉండావా? నడుస్తాండావా?… ఆ, పో. మా అత్తకియ్యి ఫోను… నువ్వే సెప్పక్కా, ఎదురుగా ఉండావు… నేనా?… కాగితమని సెప్పకుండా ఎట్ల సెప్పేది? తీగ యాడి నుంచి వచ్చిందని సెప్పేది?… అక్కా… అక్కా, ఉండు—

అత్తా? నేను దివ్యను… తిన్యావా… బొబ్బట్లు కూడా పెట్టినారా… చీర… ఏం రంగు?… మంచి రంగే అత్తా, నీకు బాగుంటాది… ఆ… ఆ… కెంపి కాళ్ళు కడిగి పసుపు రాసినారా. అందరూ మొక్కినారా. సావుకార్లు కూడా వంగి మొక్కినారా… అవునత్తా. నీ బతుకులో ఎప్పుడు సూస్తివి ఇట్లాంటిది… ఏనుగునెక్కినట్లుందా నీకు…

కెంపి యాడుంది? నిలబడుందా, పండుకోనుందా?… ఏం తింటాంది?… ఏం తినడంల్యాదా. మరేం సేస్తాంది?…

నెమరేస్తాందా.

వద్దత్తా, ఫోను దాని నోటికాడ ఏంటికి… వద్దు… ఆ… ఇనపడతాంది. గంట ఇనపడతాంది. నమిలేదీ ఇనపడతాంది… అవును, కడుపు నిండింది దానికి. కులాసాగా ఉంది. నాకు తెలుస్తాంది.

ఏడవడంల్యా. పడిశం పట్టింది.

అత్తా, ఒకటి సెప్తా. ఆ పూలు… అవే, అది తినిన పూలు… నువ్వు గూడా పెట్టినావా? నీ సేత్తోనా… పెద్దమ్మగారు నీకే ఇచ్చి పెట్టమనిందా… ఒకటి నీ కొప్పులో పెట్టుకున్యావా…

తియ్యి అత్తా. కొప్పులోది తియ్యి… ఏంటికని అడగద్దు, సేతిలోకి తీసుకో. పొద్దన్నుంచి ఎండలోనే ఉంది గదా, వాడిందా?… వాడదత్తా అది. రేకులు గుంజు… ఏం పాపం రాదు, గుంజు. నేను సేసిందే అది. నేనే రంగులేసినా… కాగితం అత్తా. తోరణమంతా కాగితమే. నందినక్క అడిగితే నేను సేసిచ్చినా… ఇంకా గుంజు. తొడిమ కాడికి పో. ఆకుపచ్చ కాగితం సుట్టుంటాది సూడు, అది ఇప్పు…

దొరికిందా?

సూసి పట్టుకో అత్తా, గుచ్చుకుంటాది…

అత్తా?

తిట్టు నన్ను. ఏమన్నా అను… బస్సెక్కుతాండా, ఇప్పుడే వస్తాండా. ముందరి కాళ్ళు ఆ గట్టు మింద ఎక్కిచ్చి నిలబెట్టు. మేత పెట్టద్దు. రేపు డాక్టరు… అత్తా, ఇంటాండావా? ఫోను యాడ పెట్టినావు? నీ మాట ఇనపడల్యాదు…

గంటొక్కటే ఇనపడతాంది అత్తా. గంటా… నమిలేదీ…

అత్తా… దాన్ని… నెమరెయ్యకుండా… ఎట్లన్నా…

హలో…