ఫ్యాన్ శాతం

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసులో పరీక్ష గది. ఒక గోడంతా అద్దం. కంప్యూటర్ ముందు ఇరవై ఆరేళ్లు పెళ్లి వీడియోలు కత్తిరించి, పోయినేడాది షాపు మూసేసిన ఎడిటర్. పక్కన, ఆ స్క్రీన్ మీది బటన్లన్నీ గీసిన డిజైనర్ అమ్మాయి. అద్దం వెనక మేనేజర్ ఉన్నాడు, కానీ లేడనుకోవాలి.

“అది కాదమ్మా, కత్తెర ఎక్కడుందో చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటా.”

“చెప్పకూడదండీ. పరీక్ష మీకు కాదు, సాఫ్ట్‌వేర్‌కి. మీకేమనిపిస్తే అది పైకి అంటూ వెతకండి.”

“పైకే అంటున్నా. కత్తెర లేదు.”

“ఉందండీ.”

“ఎక్కడ?”

“మీరైతే ఎక్కడ ఉంటుందనుకుంటారు?”

“ఇరవై ఆరేళ్ల నుంచి ఎడమ పక్క పైన ఉంది. అక్కడే ఉంటుందనుకుంటా.”

“అక్కడ లేదండీ.”

“అదే చూస్తున్నా. అక్కడ నవ్వు మొహం బొమ్మొకటి ఉంది. ఇదెందుకు?”

“వాడేవాళ్లకి హాయిగా ఉండటానికి.”

“నొక్కితే?”

“కన్ను కొడుతుంది.”

“కొట్టాక?”

“అంతేనండీ. పైన మూడు చుక్కలు కనిపిస్తున్నాయా... అయ్యో, చెప్పేశాను. సారీ సర్.”

“నన్ను సర్ అంటావేంటి?”

“మిమ్మల్ని కాదండీ, అద్దాన్ని.”

“సరే. చుక్కలు నొక్కా. ‘మరిన్ని’ అంటోంది. నొక్కా. ‘ఇంకా మరిన్ని’ అంటోంది. నొక్కా. ‘పాత పద్ధతులు’ అంటోంది. ఇందులో ఉందా నా కత్తెర?”

“ఉంది.”

“ఇంట్లో పనికిరానివన్నీ తోసేసే గదిలా ఉందమ్మా ఇది.”

“ఒక్క నిమిషం... ఆ, అద్దం పైన ఎర్ర లైటు ఆరింది. సర్ కాఫీకి వెళ్లారు. ఇప్పుడు చెప్తా వినండి. కత్తెర నేను దాచలేదు. ఎడమ పక్క పైనే గీశాను. ఎనిమిది మీటింగులు పెట్టి, మీటింగుకో అడుగు చొప్పున లోపలికి జరిపారు.”

“ఎందుకు?”

“కత్తెర చూస్తే యూజర్ భయపడతాడట.”

“వీడియో కత్తిరించడానికి వచ్చినవాడు కత్తెర చూసి భయపడతాడా?”

“నేనూ అదే అడిగాను. తొమ్మిదో మీటింగుకి నన్ను పిలవలేదు. మీతో ఇంకో మాటండీ, ఇది అసలు చెప్పకూడదు...”

“చెప్పు. లైటు ఆరిపోయే ఉందిగా.”

“చివర్లో ఒక ఫారం ఇస్తాను. అందులో ‘సులువుగా ఉంది’ అన్నచోట మీరు టిక్కు పెడితే రేపు విడుదల. విడుదలైతే నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు. ఏణ్ణర్థం నుంచి మూణ్ణెల్ల కాంట్రాక్టు మీద వేలాడుతున్నాను.”

“అంటే నీ ఉద్యోగం నా టిక్కులో ఉందన్నమాట.”

“మీకు అనిపించిందే పెట్టండి. నిబంధన అది.”

“నువ్వు చెప్పేదంతా చెప్పేసి నిబంధన అంటావేంటమ్మా. సర్లే. ఒకటి చెప్పు. ఇక్కడ కుడి పక్క, కింద మూల ఇంత చోటు ఖాళీగా వదిలేశావు. కత్తెర ఇక్కడన్నా పెట్టొచ్చుగా.”

“అక్కడ నేనేమీ పెట్టను.”

“ఏం?”

“నవ్వకూడదు. ఆఫీసులో నాకిచ్చిన మానిటర్ ఆ మూలే పగిలింది. అక్కడేం గీసినా నాకే కనపడదు. కొత్తది అడిగితే పర్మనెంట్ అయ్యాక చూద్దామన్నారు. అందుకని ఏ స్క్రీన్ గీసినా ఆ మూల వదిలేస్తాను.”

“ఎవరూ అడగలేదా?”

“ఒకసారి అడిగారు. ‘కంటికి విశ్రాంతి’ అన్నాను. అందరూ తలలూపి రాసుకున్నారు.”

“గట్టిదానివే.”

“లైటు వెలిగింది. ఇప్పుడు రెండో పని చేద్దామండీ. ఈ పెద్ద నీలం బటన్ నొక్కండి. ‘అందంగా చెయ్’. మూడు గంటల పెళ్లి వీడియో పన్నెండు నిమిషాలకి అదే కత్తిరిస్తుంది.”

“అదేనా? దానికెవరు నేర్పారు?”

“వేల పెళ్లి వీడియోలు చూపించారట. చూసి నేర్చుకుంది.”

“చూద్దాం... ఊఁ. మొదలు బాగానే ఉంది. ఇక్కడ దండల దగ్గర్నుంచి తండ్రి మొహానికి తిప్పడం... అబ్బ, బాగుందమ్మా. చెయ్యి తిరిగినవాడు చేసినట్టుంది.”

“థాంక్సండీ.”

“నీకెందుకు, దానికి చెప్తున్నా. ఇది... ఇదేంటి?”

“ఏదండీ?”

“పెళ్లికూతురు ఏడుస్తుంటే ఫ్యాన్ చూపిస్తోంది.”

“ఏ ఫ్యానండీ?”

“సీలింగ్ ఫ్యాన్. ఇదిగో మళ్లీ. తల్లి కళ్లు తుడుచుకోగానే ఫ్యాన్. పెళ్లి జరుగుతున్నది తోటలో కదా? తోటలో చెట్లకి ఫ్యాన్ బిగించారా?”

“అది... వాతావరణమండీ.”

“వాతావరణమా?”

“పేరు అలా పెట్టాం. స్క్రీన్ మీద ఎవరన్నా ఏడిస్తే ఒక నాలుగు సెకన్లు అలా... ఒక అనుభూతిలా... సర్, నిజం చెప్పేయనా? పరీక్షకొచ్చిన మనిషికి తోటలో ఫ్యాన్ కనిపించాక ఏం దాస్తాం? బాబాయ్ గారూ, అది ఎందుకొస్తుందో ఎవరికీ తెలీదు. ఇంజనీర్లు ఆర్నెల్లు వెతికారు. ఏడుపొస్తే ఫ్యాన్. ఏ వీడియో ఇచ్చినా అదే ఫ్యాన్. తియ్యడం వల్ల కాలేదు. తియ్యలేనప్పుడు అది లోపం కాదు, సౌకర్యం అని పైనుంచి మాటొచ్చింది. సౌకర్యమంటే దానికో స్లైడర్ ఉండాలిగా. నన్ను గీయమన్నారు.”

“గీశావా?”

“గీశాను. ఇదిగో, ‘వాతావరణ శాతం’. మాలో మేం ఫ్యాన్ శాతం అంటాం. ఎడమకి జరిపితే తగ్గుతుంది, కుడికి జరిపితే పెరుగుతుంది.”

“సున్నాకి జరిపా. ఇంకా వస్తోందే.”

“సున్నా దాకా పోదండీ. ఇరవై దగ్గర ఆగిపోతుంది. చూడ్డానికి బాగోదని ఇరవై ఉన్నచోటే సున్నా అని రాశాం.”

“వంద పెడితే?”

“పెట్టకండి. పన్నెండు నిమిషాలూ ఫ్యానే.”

“ఆగు. అక్కడ ఆపు. కొంచెం వెనక్కి... ఆ, అక్కడ.”

“ఏమైందండీ?”

“ఆ మూడో రెక్క చూడు.”

“వంగి ఉంది.”

“దాని మీద?”

“తెల్లగా ఏదో... కాగితమా?”

“కాగితం కాదు, ప్లాస్టరు. దెబ్బ తగిలితే అంటిస్తామే, అది. మా చెల్లెలు చిన్నప్పుడు గొడుగు తెరిచి మంచం మీద ఎగిరితే ఆ రెక్క వంగింది. ఫ్యానుకి దెబ్బ తగిలిందని రోజంతా ఒకటే ఏడుపు. ఊరుకోబెట్టడానికి నేనే అంటించా.”

“అంటే...”

“ఇది మా ఇంటి ఫ్యానమ్మా.”

“మీ ఇంటిదా? మీ ఇంటి ఫ్యాన్ ఇందులోకి ఎలా వచ్చింది?”

“చెల్లెలి పెళ్లి మా ఇంట్లోనే చేశాం. కెమెరా నేనే పట్టా. నేను తీసిన మొదటి పెళ్లి అది. వెళ్లేటప్పుడు నన్ను పట్టుకుని ఏడుద్దామని దగ్గరికొచ్చింది. నా చేతిలో కెమెరా. నాకు కళ్లు కనపడలా, చెయ్యి ఆగలా. బొమ్మ వణుకుతుందని కెమెరా పైకెత్తేశా. నాలుగు సెకన్లు. దించేసరికి అది గుమ్మం దాటేసింది.”

“బాబాయ్...”

“ఆ తర్వాత ఏ పెళ్లి ఎడిట్ చేస్తున్నా, ఎవరన్నా గట్టిగా ఏడిస్తే నేను చూడలేను. అక్కడ ఆ నాలుగు సెకన్లు అతికించేవాణ్ణి. మొదట్లో పని జరగడానికి అతికించా, తర్వాత అలవాటైపోయింది. పదకొండు వందల పెళ్లిళ్లు. ఒక్కళ్లు అడగలా. ఏడుస్తూ చూసేవాళ్లకి ఫ్యాన్ ఎక్కడ కనపడుతుంది.”

“ఆ వీడియోలన్నీ ఇప్పుడెక్కడున్నాయి?”

“షాపు మూసినప్పుడు ఎవరో వచ్చి, పాత హార్డ్ డిస్కులు తీసుకుంటాం అన్నారు. ఇల్లు ఖాళీ అవుతుందని ఇచ్చేశా. ఎక్కడికెళ్లాయో ఇప్పుడు తెలిసింది.”

“అయితే ఆ తండ్రి మొహానికి తిప్పడం...”

“నాదే. చెయ్యి తిరిగినవాడన్నా చూడు, నన్ను నేనే మెచ్చుకున్నా. సిగ్గుగా ఉంది.”

“సర్, మీరేంటి లోపలికొచ్చారు? పరీక్ష నడుస్తుండగా రాకూడదు కదా.”

“విన్నానమ్మాయ్, మొత్తం విన్నాను. ఎడిటర్ గారూ, నమస్కారం. నేను మేనేజర్ని. ఆర్నెల్లుగా దీన్ని లోపం అనుకున్నాం చూడండి. ఇది లోపం కాదు, చరిత్ర. స్లైడర్‌కి మీ పేరే పెట్టేద్దామా?”

“నా పేరెందుకండీ. నా కత్తెర బయట పెట్టండి.”

“అది కుదరదు. యూజర్ భయపడతాడు.”

“పోనీ, నన్నొక్క మాట అడిగుండాల్సింది కదా.”

“అడిగేవాళ్లమేనండీ, తప్పకుండా. మీరెవరో మాకు తెలిస్తేగా. అయినా డిస్కులు మీరే ఇచ్చారుగా?”

“డిస్కులిచ్చా. చెయ్యి ఇవ్వలేదు.”

“బాగా చెప్పారు. అమ్మాయ్, ఈ వాక్యం రాసుకో, ప్రకటనలో పనికొస్తుంది.”

“సర్...”

“నా మాటేగా, రాసుకోమ్మా, పర్వాలేదు. ఆ ఫారం ఇటివ్వు.”

“వద్దు బాబాయ్. మీకు సులువుగా లేదు. కత్తెర కూడా నేను చెబితేగానీ దొరకలేదు. కష్టంగా ఉందనే రాయండి.”

“నాకెలా ఉంటే ఎవరిక్కావాలి. నా పని ఎలాగూ అయిపోయింది, నీదన్నా నిలబడనీ. ఇదిగో, ‘సులువుగా ఉంది’. టిక్కు పెట్టా. సంతకం కూడా పెట్టా.”

“థాంక్స్ బాబాయ్. సర్, టిక్కు పడింది. రేపు విడుదలే కదా. మరి నా సంగతి...”

“మాట్లాడదాం, మాట్లాడదాం. వచ్చే వారం కూర్చుందాం.”

“వచ్చే సోమవారానికి నా కాంట్రాక్టు అయిపోతుంది సర్.”

“అందుకే వచ్చే వారం అంటున్నా. ఈలోగా ఈ ట్యాబ్లెట్‌లోవి చూసి పెట్టు. ఫోన్‌లో వాడే రకానికి స్క్రీన్లు. మొత్తం పద్నాలుగు.”

“అవి నేనింకా మొదలే పెట్టలేదు కదా సర్. ఎవరు గీశారు?”

“వచ్చాయి.”

“ఎక్కణ్ణుంచి?”

“పొద్దున వచ్చాయి. ఎక్కణ్ణుంచైతే ఏంటి, బాగున్నాయా లేదా, అది చెప్పు.”

“బాగున్నాయి సర్. శుభ్రంగా ఉన్నాయి. ఈ అక్షరాల మధ్య ఎడం చూడండి, నేనైనా ఇంతే ఇచ్చేదాన్ని. పని తెలిసినవాళ్లే గీశారు. కొత్త డిజైనర్‌ని తీసుకున్నారా?”

“అలాంటిదే. పద్నాలుగూ మూడు నిమిషాల్లో అయిపోయాయి.”

“మూడు నిమిషాల్లోనా? నాకు పద్నాలుగు రోజులు పట్టేది సర్.”

“ఏదీ, నన్నూ ఓసారి చూడనివ్వమ్మా. మేనేజర్ గారూ, మీ ట్యాబ్లెట్ ఎక్కడన్నా పగిలిందా?”

“లేదండీ, కొత్తది. నిన్ననే ఇచ్చారు. ఏం?”

“ఏం లేదు. పద్నాలుగింట్లోనూ కుడి పక్క, కింద మూల ఖాళీగా ఉంది.”