పంచుకోరాని ఇనాం

ఇదేం కత రా మొగిలయ్యా? ఇచ్చిన ఇనాం వాపస్ తీస్కొమ్మని బతిమాలెటోన్ని నా జిందగీల చూడలే. కాళ్లు ఇడువు. ఇడువు ముందుగాల! ఇగో, ఈ జంపఖానా మీద కూసో. నువ్వు నేసిందే గద.

ఏమంటవ్? అందరితోని ఏడింటిదాంక పని చేస్తనంటవా? వరంగల్ల ఇంకే సేటన్న తన పనోన్ని అయిదింటికి ఇడిసిపెడ్తడా? పోరా, ఇంటికాడ నీ పెండ్లాం బక్కమ్మతోని జర కూసోరా అంటె, నీకు గది శిక్ష లెక్క కొడ్తాందా?

ఈ ఇనాం ఏదియ్యాల్నో ఎతుకుడుకు నేనెంత తన్లాడిన్నో నీకెర్కేనా? లడాయి బందాయె, పల్టన్ల గిరాకి పాయె. పట్నం సేట్లకు జల్ది మాల్ ఇయ్యకుంటె కార్ఖానా మూతే. మీరేమో ఒకని మొకం ఒకడు చూసుకుంట నేస్తిరి.

మొదాల బెల్లం ఇచ్చిన. ఎక్కువ నేసినోనికి రెండచ్చులు. వాడేం చేసిండు? మగ్గాల నడుమ కూసోని పలగ్గొట్టి ఇరవై మందికి పంచిండు. నాకు గూడ ఓ తునక తెచ్చిచ్చిండు! సరే అని బియ్యం ఇచ్చిన. అందరు కల్సి వండుకొని తిన్నరు. పంచరాంది ఇద్దామని శాలువ కప్పిన. దాన్ని గూడ వంతులేసుకొని పెండ్లిళ్లకు కప్పుకొని తిరిగిండ్రు గదరా! నవ్వకు. నాకు కడుపు మండింది. అన్ని పంచుకునే కాడ ఒక్కడు ఎక్కువ ఎందుకు నేస్తడు, చెప్పు?

అప్పుడు తట్టింది. పొద్దు! ఎక్కువ నేసినోడు ఏడింటికి కాదు, అయిదింటికే ఇంటికి. రెండు గంటల పొద్దును ఎవడు పంచుకుంటడు?

అబద్ధమెందుకు, పని జోరందుకున్నది. నెలకు నాలుగు జంపఖానాలు ఎక్కువ దిగినయి. నువ్వు అయిదింటికి బయటికి పోతాంటె అందరు మగ్గాల మీదికెల్లి తలకాయలెత్తి చూసేది. నేను మురిసిపోయిన. ఆశ పడ్తాండ్రు, రేపు నాకు నాకని ఉరుకుతరు అనుకున్న.

నీతోని నేసే వీరభద్రాన్ని పట్టుకపోయిన సంది గా సూపు మారింది. నువ్వు చెప్పాల్నా? బేస్తారం నాడు నువ్వు అయిదింటికి పోయినవ్. ఆరింటికి పోలీసు అమీన్ సాబు జవాన్లతోని ఒచ్చి, మగ్గం మీదికెల్లి వాన్ని గుంజుకపోయిండు. పనోళ్ల సంగం పెట్టేది వీరభద్రమే అని అమీనుకు ఎవడు చెప్పిండు? అందరు నీ ఖాళీ మగ్గం దిక్కు చూసిండ్రు. నేను గూడ చూసిన.

నిన్న నీ మగ్గం మీది పడుగు దారాలు కోసిండ్రా? నువ్వు ముంచుకున్న కుండల నీళ్లు ఎవ్వలు తాగుతలేరా? పోనీ, గవి చిన్న ముచ్చట్లు. వీరభద్రం తమ్ముండ్లు ముగ్గురు రోజు నువ్వు పోయే తోవల, రైలు స్టేషన్ గేటు కాడ నిలబడుతాండ్రంటవ్. నిన్ను చూసి ఒక్క మాట గూడ అంటలేరంటవ్. ఉత్తగ నీ ఎన్కనే నడుస్తాండ్రంటవ్. చేతుల్ల ఏమన్న ఉన్నయా? కట్టెలా... ఊఁ. గది మాత్రం చిన్న ముచ్చట కాదు, ఒప్పుకుంట.

ఏడువకు రా. ముసలోన్ని, నాకు గూడ పానం ఒక తీరుగ అయితాంది.

అందరి నడుమ ఏడింటికి పోతె నీ మీద చెయ్యి పడదు. నిజమే. కని నీ ఇనాం తీసేస్తె ఏమైతది? మల్ల మీరంత ఒక్కటైతరు. కల్సి నడుస్తరు, కల్సి మాట్లాడుకుంటరు. నాలుగు రోజులు నీ మొకం దగ్గరికెల్లి చూస్తె వాళ్లకే సమజైతది, వీడు చెప్పెటోడు కాదని. మరి ఎవడు చెప్పిండని అడుగుతరు. అప్పుడు ఎవని దిక్కు చూస్తరు?

ఏందట్ల చూస్తానవ్?

అవు, నేనే. బేస్తారం పొద్దుగాల అమీన్ సాబును ఇంటికి పిలిచి, చాయ్ తాపిచ్చి, పేరు చెప్పిన. మగ్గాలన్ని బంద్ పెట్టిస్తడట వాడు! నేనేం చెయ్యాలె? ఆరింటికి రమ్మన్నది గూడ నేనే. నువ్వు పోయినంకనే రమ్మన్న.

పాపమే. నాకెర్క లేదా? అయినా చెయ్యకుంట ఉంటినా!

పో, అందరికి చెప్పుకో పో. సేటే చెప్పిండని గేటు కాడ ఆ ముగ్గురికి గూడ చెప్పు. నిన్ను ఎవడు నమ్ముతడు రా? లే, కండ్లు తుడ్సుకో. అయిదయింది, ఇంటికి నడువు.