అప్పలరాజు ఎడం కన్ను

"నానమ్మా, ఆదివారం గ్రౌండులో అప్పలరాజు మావయ్యకి సన్మానం కదా. నీ మాటలు ఫోన్లో రికార్డు చేసి అక్కడ వినిపిస్తారంట. ఆయన గురించి సెప్పు."

ఏటి సెప్పమంటావే గుంటా. ఉండు, ఆ ఫోను కొంచెం ఇటు పెట్టు. ఆఁ.

నాను ఆ గ్రౌండు గేటుకాడ ఉడకేసిన సెనక్కాయలు అమ్మడం మొదలెట్టినప్పటికి మీ నాన్నకి పెళ్లవలేదు. గ్లాసుడు కాయలు అర్ధరూపాయి. కాదు కాదు, ముప్పావలా... ఎంతోలే. మీ తాత బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసీవోడు, సాయంత్రం నా కాడికొచ్చి కూకుని ఫుట్‌బాలాట సూసీవోడు. నాకు మొదట్లో ఏటీ తెలీదు. ఇంతమంది ఒక్క బంతి ఎనకాల పడి పరిగెట్టడమేటి అనుకునీదాన్ని. ఆయనే నేర్పేడు, ఇది కార్నరు, ఇది ఫౌలు అని. ఆయన పోయేక కూడా నాను ఆట సూడ్డం మానలేదు. అప్పలరాజు ఉన్నాడు గదా మరి.

ఆడిది రాంబిల్లి అవతల, సముద్రం ఒడ్డు. వేటకెళ్లీ వోళ్ళు. పద్దెనిమిదేళ్లకి మన టౌను టీంలో సేరేడు, ఇరవైరెండేళ్లు ఆడేడు. జిల్లా లీగులో కింద డివిజను మనది, పేపర్లో కూడా రాయరు. ఆడు గోలుకీపరికి ముందు అడ్డంగా నిలబడీవోడు. ఎంత ఎత్తున వొచ్చిన బంతైనా తలతో కొట్టి అవతలకి పంపీసీవోడు. పెద్ద టీములోళ్ళు రెండుసార్లు పిలిసేరు, ఎల్లలేదు. మనూరంటే ఆడికి పేణం అని మేవందరం పొంగిపోయేం. ఒకటే సెడ్డ అలవాటు, ఎడం పక్కన ఆడీ గణేష్‌ని ఆటంతా తిడతానే ఉండీవోడు. "మాటాడ్రా, మాటాడు" అని అరుపు.

పోయిన శీతాకాలం నా కంట్లో శుక్లం ముదిరింది గదా, నువ్వే అన్నావు కళ్ళ క్యాంపుకి ఎల్లమని. ఎల్లేను. ఆడ లైనులో తువ్వాలు తలమీదికి లాక్కుని ఒకడు కూకున్నాడు. లేసి ముందుకి జరిగితే నడక సూసి పోల్సుకున్నాను, అప్పలరాజు. ఏట్రా అంటే, తలనొప్పి అత్తా అన్నాడు. నా ముందు ఆడి వొంతు. డాక్టరమ్మ ఆడి కుడి కన్ను మూసి, తన సెయ్యి సూపించి ఎన్ని వేళ్ళో సెప్పండి అంది. మళ్ళీ అడిగింది. అప్పుడన్నాడు, "కనబడదండి. సిన్నప్పట్నించీ" అని.

నాను ఇనుప కుర్సీ పట్టుకుని అలగే నిలబడిపోయేను. ఏడేళ్లప్పుడు పడవలో తెడ్డు తగిలిందంట. పైకి కన్ను బాగానే ఉంటాది, లోపల నరం సచ్చిపోయింది. అమ్మకి తప్ప ఇంకెవరికీ తెలీదంట, ఆవిడా పోయింది. కట్టుకున్నదానిక్కూడా సెప్పలేదు. పెద్ద టీముకి ఎందుకెల్లలేదో అప్పుడు తెలిసింది, ఆడ డాక్టర్లు పరీచ్చ సేత్తారు గదా. గణేష్ మీద ఎందుకు అరుత్తాడో అప్పుడు తెలిసింది. ఆడి మాట ఇని ఎడం పక్క ఏటవుతందో తెలుసుకునీవోడే! ఇరవైరెండేళ్లు నాను రోజూ సూసినోణ్ణి, నాకు తెలీలేదు.

అదొక్కటీ కాదు. కుడి కంట్లో లోపలి పొర పలసబడిపోయింది, తలకి బంతి తగిల్తే ఇదీ పోద్ది, ఆట మానీయాలి, ఎంటనే లేజరు పెట్టించుకోవాలి అంది డాక్టరమ్మ. ఆడు బైటికొచ్చి నా సెయ్యి పట్టుకున్నాడు. ఆదివారం ఒక్క మేచీ ఉందత్తా, ఓడితే టీం ఇంకా కిందకి పోద్ది, ఆడేసి మానేత్తాను, ఎవురికీ సెప్పకు అన్నాడు. నాను సెయ్యి ఇడిపించుకున్నాను.

మేచీకి ఇంకా మూడు రోజులు. ఆడి పాప ఆరో తరగతి. ఆదివారం సెనక్కాయలు ఉడకేసేను గానీ ఉప్పు ఎయ్యడం మర్సిపోయేను. మేచీ మొదలవడానికి అందరూ నిలబడ్డారు. తట్ట అలగే వొదిలీసి, నా జన్మలో మొదటిసారి ఆ సున్నం గీత దాటి లోపలకెల్లిపోయేను. జనం నవ్వుతన్నారు. ఆడి ముందు నిలబడి అన్నాను, "నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

ఆడు నాకేసి సూసేడు. ఆ సూపు మర్సిపోలేనే. కిందన కూకుని బూట్లు ఇప్పుకున్నాడు. తర్వాత కోచి మేస్టారిని పిలిసి సెప్పేడు. మేస్టారు నమ్మలేదు. ఎడం పక్కనుంచి సెయ్యి మొహం దాకా తెచ్చేరు, ఆడు రెప్ప ఆర్పలేదు. గణేష్ తిన్నగా ఎల్లి ఆడి ఎడం పక్కన కూకుని, "అన్నా, నన్ను తిడతన్నావనుకున్నాను" అన్నాడు. ఆడు ఏడిసేడు. నానూ ఏడిసేను.

మేచీ ఓడిపోయేం. రెండు గోల్లు. టీం కిందకి పోయింది, నా వల్లే అన్నోళ్ళున్నారు. ఆడు నెల దాటినా నా మొహం సూడలేదు. విశాఖపట్నం ఎల్లి లేజరు పెట్టించుకున్నాడని ఇన్నాను, అంతే.

ఒకనాడు సాయంత్రం వొచ్చి నా తట్ట ముందు కూకున్నాడు. నీమీద కోపం పోలేదత్తా అన్నాడు. పోకపోతే మానె, కాయలు తిను అన్నాను. కొంచెంసేపు తిన్నాడు. తిని అన్నాడు, "ఆ పొర అప్పటికే సిరగడం మొదలెట్టిందంటత్తా. ఆరోజు ఒక్క బంతి తలతో కొట్టుంటే ఇప్పుడు నిన్ను సూడ్డానికి కూడా సూపు ఉండీది కాదన్నారు."

నాను ఆ గీత దాటకుండా తట్టకాడే కూకునుంటే... ఇప్పుడు ఆడు సిన్న పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. కోపం పోయిందో లేదో నాను అడగలేదు, ఆడు సెప్పలేదు. కాయలకి మాత్రం వొత్తాడు.

అప్పలరాజూ, ఇంటన్నావా నాయినా, నీ పాప పెళ్లి కళ్లారా సూడు, మనవల్ని సూడు. నువ్వూ సల్లగుండే గుంటా. ఏదన్నా బాధుంటే లోపల దాసుకోకు. మీ అమ్మకి సెప్పు, లేదంటే నాకు సెప్పు. నానేటి, తిడితే తిడతాను గానీ... ఇంటాను గదా...